శాంతమ్మగారి పాట రికార్డ్ చేసిన మధ్యాహ్నం

ఎండాకాలం ఎక్కువసేపు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వేడెక్కిన రెగ్జిన్ వాసన వస్తుంది. నెహ్రూ నగర్‌లో నేను పనిచేసే స్టూడియోలో ఆ వాసన తగిలినప్పుడల్లా సెక్టర్ 2లోని ఒక క్వార్టర్ వెనక గది గుర్తొస్తుంది. అది సువర్ణ దీదీ గది. ఆమె బడిలో సంగీతం చెప్పేది, ఆదివారాలు ఈ హిందీ ఊళ్లోని మా తెలుగు చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. పన్నెండో క్లాసు అయ్యాక ఏం చదవాలో తేలని నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

మొదటిరోజు నా పేరు మైకులో చెప్పించింది. తెరమీద చిన్న కొండల వరుస లేచింది. "అది నువ్వేనే," అంది. "గాలి కదలికని కంప్యూటర్ సెకనుకి వేలసార్లు కొలిసి అంకెలు రాసుకుంటాది. ఆ అంకెల్నే మళ్లీ గాలి చేస్తాది." అంకెలైపోయిన నా పేరు నా గొంతుతోనే తిరిగి వచ్చింది.

తర్వాత లెవెల్ పెట్టడం, అంటే గొంతు ఎంత గట్టిగా ఎక్కాలో సరిచూడటం, నేర్పింది. "మీటర్ ఎర్రగా అయిందంటే గ్లాసు పొర్లినట్టే. పొర్లింది మళ్లీ దొరకదు. పైన కొంచెం జాగా ఉంచు."

ఆ వేసవిలోనే దీదీ వాళ్లమ్మ శాంతమ్మగారికి గొంతు కేన్సర్ అని తేలింది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక మధ్యాహ్నం దీదీ ఆవిడని మైకు ముందు కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, నావైపు తిరిగింది. "నువ్వు సూసుకో. నా వల్ల కాదే."

శాంతమ్మగారు బొంగురు గొంతుతోనే పాడారు. మధ్యలో ఆగి, "బాగా వస్తందేటే?" అని నన్నడిగారు.

"వస్తంది అమ్మమ్మా. ఆరామ్‌సే పాడు, తొందర లేదు."

తర్వాత రికార్డింగ్ శుభ్రం చేస్తూ, చరణాల మధ్య ఊపిరి చప్పుళ్లు కోసేయబోయాను. దీదీ నా చెయ్యి పట్టుకుంది. "రహనే దో, ఉండనీ. పాట ఒక్కటే కాదే, మా అమ్మ కూడా కావాలి నాకు."

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆవిడకు ఆ పాట స్పీకర్లో వినిపించాం. మెడ కట్టు మీద చెయ్యి వేసుకుని కాసేపు విన్నారు. ఆ తర్వాత పాటతో పాటు పెదాలు కదపడం మొదలుపెట్టారు. ఒక్క మాట కూడా తప్పలేదు. పెదాలకూ స్పీకరుకూ మధ్య ఎడం చెరిగిపోయి, ఆవిడే ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు అనిపించింది. దీదీ ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పటికి ఎంతోమందిని రికార్డ్ చేశాను. అయినా ఎవరైనా మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంటే నాలో భయభక్తి లాంటిదొకటి కదులుతుంది. సువర్ణ దీదీ నాకిచ్చింది అదే. అది తగ్గిననాడు ఈ పని మానేస్తాను.