బలం లేదని నేను రాసిచ్చిన గచ్చు

దెయ్యాలూ మహిమలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. పాలిటెక్నిక్‌లో బిల్డింగు పాఠాలు చెప్పేవాణ్ని. గోడ చెమర్చిందని ఎవరైనా అంటే, పైపు ఎక్కడ కారుతోందో చూసుకోమంటాను. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

ఆదివారం వస్తే టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని పాత చర్చీలు చూడ్డానికి పోవడం నా పిచ్చి. వడమాలపేట దాటాక లోపలి ఊళ్లో ఒకటుంది. కోసుగా పైకి లేచిన కిటికీలు, రంగుటద్దాలు, మిద్దెను మోసే రాతి స్తంభాలు. బలిపీఠం పైన సున్నపు గచ్చుతో చేసిన పెద్ద తోరణం. ద్రాక్షతీగ చెయ్యమంటే, ద్రాక్షతీగను కంటితో చూడని మేస్త్రి దాని నిండా మామిడి పిందెలూ చిలకలూ పెట్టేశాడు. అప్పటి ఫాదరు నవ్వి ఊరుకున్నాడట.

ఆ మేస్త్రి మా నాయన, మస్తాన్ మేస్త్రి. కరక్కాయా బెల్లమూ నానిన నీళ్లతో సున్నం నూరి, పూసి, గుండ్రాయితో రోజుల తరబడి రుద్దేవాడు. మొహం చూసుకోవచ్చు అందులో. ఆయన పనుల్లో అప్పటికి మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ జనం పడగొట్టుకున్నారు.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి నాయన రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. అప్పుడొచ్చాడు చర్చి పెద్ద. పండగకు టైల్స్ వేస్తారట, తోరణం తీసేయవచ్చని ఇంజనీరు కాగితం కావాలట. వెళ్లి వేళ్లతో కొట్టి చూశాను. అక్కడక్కడా బోలుగా పలికింది.

నాయనకు చెబితే మంచంలోనే మండిపడ్డాడు. "దాన్ని ముట్టుకోవాకండ్రా! బోలు పలికితే పడిపోతాదని ఎవురు చెప్పినారు నీకు?"

చదువుకున్న నాకు తెలియదా అని పొగరు. సొంత నాయన పనని వెనకేసుకొచ్చాడంటారేమోనని భయం కూడా. 'గచ్చుకు బలం లేదు, తొలగించవచ్చు' అని రాసి సంతకం పెట్టాను.

పని మొదలయ్యే రోజు పొద్దున పదింటికి, చివరిసారి కొలతలు తీసుకుందామని వెళ్లాను. కూలీలు ఇంకా రాలేదు. చెప్పులు బయట విడిచి అడుగుపెట్టగానే రాయితో రుద్దుతున్న చప్పుడు. మూడు రుద్దులు, ఆగడం, మళ్లీ మూడు. చిన్నప్పుడు నాయనకు సద్ది తీసుకుపోయి విన్న చప్పుడే. తోరణం దగ్గర మనిషి లేడు. నిచ్చెన కూడా లేదు.

ఊడ్చే మరియమ్మ గుమ్మం దాటలేదు. "తెల్లార్నించీ ఇదే సారూ. ఆడ ఎవురూ లేరు. నేను లోపలికి రాను" అంది.

తోరణం అంచు చేతికందుతుంది. ముట్టుకుంటే తడి. మంచి ఎండాకాలం, మిద్దె కారడం లేదు, దగ్గరలో పైపు లేదు, అన్నీ చూశాను. కరక్కాయ వాసన. నొక్కితే మామిడి పిందె మీద నా వేలిముద్ర పడింది.

టేపు తియ్యకుండానే ఇంటికొచ్చేశాను. నా భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది. "మామ చెయ్యి సూడండి, ఏమైందో!"

కదలని ఆ కుడిచేతి వేళ్ల కొసలు సున్నం తినేసి పచ్చిపుండ్లయ్యాయి. గోళ్ల సందుల్లో తెల్లటి సున్నం. మా ఇంట్లో తాంబూలం వేసుకునేవాళ్లు లేరు. వెల్ల వేసి ఏళ్లయింది.

చర్చి పెద్దకు ఫోన్ చేశాను. "ఆ కాగితం చింపేయప్పా, నేను తప్పు రాసినా."

"మిషన్లు పెట్టేసినారు సార్. మీరు రాసిచ్చిందే గదా!" అని పెట్టేశాడు.

బలం లేదని నేను రాసిచ్చిన గచ్చును పగలగొట్టడానికి రెండు డ్రిల్లింగ్ మిషన్లకు మూడు రోజులు పట్టింది. ఇప్పుడక్కడ బాత్రూముల్లో వేసే పూల టైల్స్ మెరుస్తున్నాయి. ఫొటోలు దిగుతున్నారు.

నాలుగో రోజు ఆ వేళ్లకు కొబ్బరినూనె రాస్తుంటే నాయన అడిగాడు. "ఎన్ని దినాలు పట్టిందిరా?"

"మూడు దినాలు నాయనా."

నవ్వాడు. కళ్లలో నీళ్లు. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు. రెండేళ్లుగా కదలని చెయ్యి అది. మళ్లీ ఎన్నడూ కదల్లేదు.

అప్పుడప్పుడు అలా జరుగుతుందని డాక్టరు అన్నాడు. సరే, చెయ్యి సంగతి ఒప్పుకుంటాను. సున్నం మాటేమిటి? నాయన పోయి ఏడాదైంది. ఎట్లా అంటిందని ఆయన్నే అడగాల్సింది. అడిగే మొహం నాకు లేకపోయింది.