బేగంపేట నుంచి లండన్ దాకా ఒక సర్వపిండి

దెయ్యాలు, మాయలు అంటే నాకు నవ్వొస్తుంది. మా ఆయన సినిమాల్లో లైట్‌మ్యాన్. దెయ్యం ముఖానికి కింద నుంచి లైటు కొట్టి జనాన్ని భయపెట్టేది ఈయనే. అలాంటాయనతో కాపురం చేస్తూ నేనేం నమ్ముతాను? అయినా ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా వస్తున్న రోజులవి. విమానాలు ఇంకా బేగంపేట నుంచే ఎగిరేవి. మా చెల్లెలి కూతురు అనిత, భర్త రవితో లండన్‌లో ఉండేది. ఐదో నెల వచ్చినా వేవిళ్లు తగ్గలేదు. మంచినీళ్లు తాగినా వాంతే. ఆసుపత్రిలో చేర్చాలంటున్నారని మా చెల్లెలు ఒకటే ఏడుపు. అనిత ఫోన్లో ఒక్కటే అడిగింది. "పెద్దమ్మా, పొయ్యి మీదికెల్లి అప్పుడే తీసిన సర్వపిండి తినబుద్దయితుంది."

అదే వారం మా ఆయన యూనిట్ పాట తీయడానికి లండన్ వెళ్తోంది. ప్రయాణం రోజు పొద్దున్నే బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, గిన్నె అడుగున పలచగా వత్తి కాల్చాను. గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాను.

"బొంబాయిల విమానం మారాలె, గాడ రాత్రిదాక కూసోవాలె. ఎనిమిది వేల కిలోమీటర్లు! పొయ్యేసరికి రాయి అయితది," అన్నాడాయన.

"రాయైతే రాయి. పిల్ల అడిగింది, తీస్కపో."

ఆయన వెళ్లాక గిన్నె తోమి బోర్లించాను. మధ్యాహ్నం తీయబోతే చెయ్యి చురుక్కుమంది. ఎండకేమో అనుకున్నాను. ఫిల్మ్‌నగర్‌లో మా రెండు గదుల ఇంటికి, అందులోనూ వంటింట్లోకి ఎండెక్కడిది? నీళ్లు పోస్తే చుయ్‌మంది.

పక్కింటి రత్నంగారిది రాజమండ్రి. సాయంత్రం వచ్చి గిన్నె ముట్టుకుని చెయ్యి లాక్కుంది. "ఏవండీ లక్ష్మిగారూ, గ్యాసు అక్కర్లేని గిన్నె! మాకూ ఒకటి ఇప్పించండి!" అని నవ్వింది. నేనూ నవ్వాను కానీ, లోపల గుబులే. అక్కడ పిల్లకేమన్నా అయిందా అని.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగేదాకా గిన్నె వేడిగానే ఉంది.

"పెద్దమ్మా, నాలుక కాలిందే!" నోట్లో ముక్క పెట్టుకునే మాట్లాడుతోంది అనిత. "రవి వేడి చేద్దామని డబ్బా తీస్తే పొగలొస్తున్నయ్. సగం తిన్న. లోపల్నే ఉంది, వాంతి కాలే!"

వెనక నుంచి మా ఆయన గొంతు. "నన్నెందుకు చూస్తరు? విమానంల నేనేం పొయ్యి పెట్టుకొని కూసోలే!"

అందరం ఒకటే నవ్వు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తి గిన్నె తాకాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

ఆ రోజు నుంచి అనిత తిండి తినగలిగింది. ఆసుపత్రి మాట మళ్లీ రాలేదు. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా.

స్టీలు డబ్బా వేడిని పట్టి ఉంచుతుందని ఇంజినీరు రవి అంటాడు. "మరి ఈడ గిన్నె సంగతేంది బిడ్డా?" అంటే గిన్నె తిరగేసి అడుగు చూస్తాడు.

ఆ గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. అనిత కూతురు వచ్చినప్పుడల్లా అందులోనే సర్వపిండి చేస్తాను. వంటింట్లోంచి ముందు గదిలోకి తెచ్చేలోపే చల్లారిపోతుంది. ఆ రోజు లండన్ దాకా ఆ వేడి ఎలా ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు.