సరోజనమ్మగారు రాసుకున్న అనుమానం

చీనీకాయ, అదే బత్తాయి, ఒలిచిన వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నేను సర్దుకుని నిలబడతాను. మా సీనియర్ వకీలు సరోజనమ్మగారు కోర్టు మెట్ల మీదే కాయ ఒలిచి, సగం నా చేతిలో పెట్టి, "తిను పాపా, వాదించాలంటే గొంతు తడిగా ఉండాల" అనేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురంలో ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరాను. ఆవిడ నోటికి కోర్టంతా భయపడేది. నేనైతే మరీను!

గార్లదిన్నె దగ్గరి నాగన్న కేసు ఆ ఎండాకాలంలోనే వచ్చింది. నాగన్న బోరు తన పొలంలో పడిందని పక్క రైతు దావా వేశాడు. బోరు ఆపమని కోర్టు అన్నదంటే నాగన్న చీనీతోట నిలువునా ఎండిపోవాల్సిందే. సరోజనమ్మగారు నన్ను వెంటేసుకుని తోటంతా తిరిగి, కనబడినవాళ్ళందరినీ అడిగి, ఏవేవో రాసుకున్నారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

విచారణ రోజు అవతలి వకీలు బోనులో ఉన్న నాగన్నను రెచ్చగొట్టాడు. "నిజమే చెప్తాండావు కదా? మీ మేడం రాసుకున్న కాగితాలు చూపించనీకి భయమెందుకప్పా?"

మా మేడం చివాల్న లేచారు. "ఆ సాక్షులంతా ఊర్లోనే ఉన్నారు, పిలిపించి అడగమనండి. కేసు కోసం నేను రాసుకున్నది నా క్లయింటు ఒప్పుకుంటే తప్ప అడిగే హక్కు ఎవరికీ లేదు!"

చట్టం ఆవిడ వైపే ఉంది. కానీ నాగన్న పౌరుషం ఊరుకుంటుందా? మీసం మీద చెయ్యి వేసి, "మాకేం భయం సామీ..." అని మొదలుపెట్టేశాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. జడ్జిగారు అతన్ని ఆపి, ముందు మీ వకీలుతో మాట్లాడుకొని రమ్మని బయటికి పంపారు.

వరండాలో ఆవిడ ఏమీ దాచలేదు. "ఆ కాగితాల్లో నువ్వు అబద్ధం చెప్తాండావేమోనని రాసినా నాగన్నా. నీ సాక్షి యాడ తడబడతాడో అదీ రాసినా."

"నన్నే అనుమానిస్తివా మేడమ్మా?" నాగన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అనుమానించినా. రేపు అవతలి వకీలప్ప నిన్ను అడిగేది ముందు నేనే అడగాల కదా! ఎవురో చదువుతారంటే అట్లాంటిది రాయనీకి చెయ్యి రాదు. ఇంక నీ ఇష్టమప్పా."

నాగన్న కండువాతో కళ్ళు తుడుచుకుని వెళ్ళి బోనెక్కాడు. "ఇయ్యను సామీ. నా బోరు కావాలంటే వచ్చి కొల్చుకోండి. ఆయమ్మ తలకాయలోది మాత్రం అడగాకండి."

అబ్బ, ఏం మాట! చప్పట్లు కొట్టబోయి నా చేతులు నేనే గట్టిగా పట్టుకున్నాను.

కోర్టు మనుషులు వచ్చి కొలిచారు. బోరు నాగన్న గట్టుకు లోపలే ఉంది, తోట బతికింది. తీర్పు వచ్చిన రోజు అతను మెల్లగా దగ్గరికొచ్చి, "నా మీద రాసిండేది ఇంకా ఉండాదా మేడమ్మా?" అని అడిగాడు.

"ఉండాది."

"ఉండనీ. ఇంకో కేసు పడితే పనికొస్తాది."

సరోజనమ్మగారు అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఇప్పుడు లేరు. నా దగ్గరికి కేసుతో కొత్త మనిషి ఎవరొచ్చినా, నమ్మాలని ఎంత అనిపించినా, నాకున్న అనుమానమే ముందు రాస్తాను. ఆ మనిషి ఒప్పుకోనిదే దాన్నెవరూ అడగలేరు, అందుకే నా చెయ్యి వెనకాడదు.