చేని అమ్మకు పెట్టిన చీర

తమిళనాట తిరుత్తణి దగ్గరి అత్తిమంజేరిపేటలో మునిలక్ష్మి నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటి మనిషి మూడేళ్లుగా వెలిసిపోయిన చీరలే కట్టుకు తిరుగుతోందంటే, అందుకు కారణం ఒక కంచు బొమ్మ.

అప్పట్లో తన వేరుశనగ చేలో నీళ్ల పైపు కోసం తవ్వుతుంటే పార ఠంగుమంది. మట్టి తీస్తే మూరెడు ఎత్తు అమ్మవారు! మునిలక్ష్మికి ఒళ్లు పులకరించింది. కొంగు చించి విగ్రహానికి కప్పి, "నీకు పట్టుచీర పెట్టిందాకా నేను కొత్త కోక కట్టను తల్లీ" అని మొక్కేసింది. ముందూ వెనకా చూసుకునే అలవాటు ఆమెకు పుట్టుకతోనే లేదు. కబురు తెలిసి మర్నాడే తాసిల్దారు జీపు వచ్చింది. అమ్మవారు చెన్నై మ్యూజియానికి వెళ్లిపోయింది. మొక్కు మాత్రం మునిలక్ష్మి మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు కూతురు వైష్ణవి పెళ్లి. పెళ్లికూతురి తల్లి, తన పుట్టింటివాళ్లు పెట్టిన కొత్త చీరతో పీటల మీద కూర్చోవాలి. మునిలక్ష్మికి పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. పోనీ కొనుక్కుందామంటే మొక్కు అడ్డం.

"శిల్పి ఎప్పుడో ఆ బొమ్మకు చీర కట్టినాడు కదమ్మా. మడతలు కూడా ఉండాయి" అని వైష్ణవి బతిమాలింది.

"అది కంచు చీర. నేను మొక్కింది పట్టుచీర. మాట తప్పినదాన్ని, నీకు అక్షింతలు ఏ చేత్తో వేసేది?"

కూతుర్ని వెంటబెట్టుకుని తిరుత్తణిలో రైలెక్కింది. ఒళ్లో ఎర్రంచు ఆకుపచ్చ పట్టుచీర. మ్యూజియం మెట్ల దగ్గరే చెప్పులు విడిచింది.

తీరా చూస్తే అమ్మవారు అద్దాల పెట్టెలో ఉంది, దానికి తాళం. అక్కడి కాపలా మనిషి ఏంజెలిన్ "తొడకూడాదు మా" అని అరవంలో అడ్డుపడింది. ముట్టుకోకూడదట! మునిలక్ష్మి నేలమీద కూలబడి ఏకంగా అమ్మవారినే తగులుకుంది.

"నా చేలో మట్టి కప్పుకొని ఉంటివి. అద్దాల మేడ దొరికేసరికి నన్ను మరిస్తివా? నా బిడ్డ పెండ్లికి నేను ఏం మొగం పెట్టుకొని కూచునేది?"

ఏంజెలిన్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు చెమర్చాయి. ఆమెదీ తెలుగిల్లే, ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున పళవేర్కాడు.

"ఏడవద్దు అక్కా. పెట్టె తెరిస్తే నా ఉద్యోగం పోతాది. రోజూ ఈ అద్దం తుడిచేది నేనే, దీంట్లో ఎదుటి నీడ ఎట్ల పడతాదో నాకు తెలుసు. నువ్వు లేచి చీర విప్పి ఎదురుగా పట్టుకో."

తల్లీకూతుళ్లు చెరోవైపు పట్టుకున్నారు. "కొంచెం కిందికి... ఆ, అట్లే!"

అద్దంలో చీర నీడ తేలింది. ఆకుపచ్చ పట్టు, ఎర్రంచుతో సహా, అమ్మవారి భుజాల నుంచి పాదాల దాకా పరుచుకుంది.

"కట్టుకునిందే! మా తల్లి కట్టుకునింది!" మునిలక్ష్మి వలవలా ఏడ్చేసింది. మూడేళ్ల బరువు దిగిన ఏడుపు అది.

అమ్మవారు కట్టి విడిచిన చీరను పూజారి ఇవ్వాలే గాని, మనంతట మనం వెనక్కి తీసుకోకూడదు. ఎవరి చేతిలో పెట్టాలో తోచక మునిలక్ష్మి దిక్కులు చూసింది. మెడలో శిలువ ఉన్న ఏంజెలిన్ చీరను శ్రద్ధగా మడిచి, ఆమె చేతుల్లో పెట్టింది.

"తీసుకో అక్కా. పెండ్లికి కట్టుకో. మీ అమ్మ ఇచ్చింది."

పెళ్లినాడు మునిలక్ష్మి ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది. ముందు వరసలో ఏంజెలిన్‌ను కూర్చోబెట్టి తొలి తాంబూలం ఆమెకే ఇప్పించింది. ఎవరీమె అని ఆరా తీసిన ఆడవాళ్లకు తలెత్తి జవాబు చెప్పింది.

"మా పుట్టింటి మనిషి."