తగ్గకముందే చెప్పిన సాక్ష్యం

2023 ఫిబ్రవరి. అమెరికాలో, అరోరా ఊళ్లోని ఒక క్యాన్సర్ క్లినిక్‌లో నేను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. డాక్టరు మాట రోగికి తెలుగులో, రోగి మాట డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పడం నా పని. సొంత మాట కలపకూడదు, విన్న మాట వదలకూడదు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి రెండు భాషలూ నేర్పింది. ఆ చదువుకి ఈ పని దొరికినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ ఉంటాను.

ఆ రోజు వచ్చినావిడను సుగుణగారు అంటాను. అసలు పేరు వేరు. యాభై రెండేళ్లు, భీమవరం వైపు మనిషి. పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది కానీ అప్పటికే కాలేయానికి పాకడంతో కీమో నడుస్తోంది. పూర్తిగా పోతుందని డాక్టరు ఎప్పుడూ అనలేదు. అదుపులో ఉంచుదాం అంది, అంతే.

రక్త పరీక్షల సంగతి అయ్యాక డాక్టరు మళ్లీ అడిగింది. "మీ తమ్ముడికి చెప్పారా?"

తోడబుట్టినవాళ్లకి ఈ జబ్బు ఉంటే నలభై ఏళ్లకే కొలొనోస్కోపీ మొదలుపెట్టాలి. కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష అది. ఇంకో రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ఉన్న తమ్ముడికి నలభై ఆరు. ఒక్కసారీ చేయించుకోలేదు.

"చెప్తానండి, తగ్గాక," అన్నారు సుగుణగారు. "మా చర్చి సంఘంలో స్వస్థత వచ్చాక నిలబడి సాక్ష్యం చెప్తాం. అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఇప్పుడు చెప్తే నా విశ్వాసం ఏమైందంటారు?"

నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరు, "మీకు తగ్గేదాకా ఆయన పేగు ఆగుతుందా?" అంది. అదీ తెలుగులో చెప్పాను.

సుగుణగారు నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా? నువ్వూ ప్రార్థన చేసుకునేదానివే కదా."

నా అభిప్రాయం చెప్పే హక్కు నాకు లేదు. ఆ ప్రశ్నను కూడా డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పాను. సుగుణగారికి నవ్వొచ్చింది. "గట్టిదానివే," అని బ్యాగులోంచి ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టారు.

"అక్కా, మీటింగ్‌లో ఉన్నా. మళ్లీ చేస్తా."

"బయటికి రా ఒరే. నాకు క్యాన్సర్."

తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "గ్యాస్ ఆపరేషన్ అన్నావు గదా?"

"గ్యాస్‌కి ఎవరన్నా పొట్ట కోస్తారంట్రా? పెద్దపేగులో వచ్చింది. నువ్వు కొలొనోస్కోపీ చేయించుకో."

"నాకేం లేదక్కా. రోజూ జిమ్‌కి వెళ్తున్నా."

"నాకూ ఏం లేదనే అనుకున్నా. రక్తం పడితే మొలలనుకుని ఏడాది మజ్జిగ తాగాను. జిమ్‌కెళ్తే పేగు లోపల కనపడుద్దా?"

"బుక్ చేస్తాలే," అన్నాడు.

"చేస్తాలే కాదు. చేశాక ఫోటో పెట్టు."

మార్చిలో ఆయనకి పరీక్ష చేశారు. రెండు పాలిప్స్ దొరికాయి. పాలిప్ అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ. ఒకటి పెద్దది, వదిలేస్తే క్యాన్సర్‌గా మారే రకం. అక్కడికక్కడే తీసేశారు.

ఈస్టర్ తర్వాత సుగుణగారు కీమోకి వచ్చినప్పుడు ఆదివారం సంగతి చెప్పారు. పాస్టరుగారు "స్వస్థత సాక్ష్యం" అని పిలిచారట. ఈవిడ మైకు పట్టుకుని, "స్వస్థత కాదయ్యగారూ, నాకింకా మందులు నడుస్తున్నాయి. బాగుపడింది మా తమ్ముడు. నలభై ఐదు దాటినోళ్లు సిగ్గుపడకుండా టెస్టు చేయించుకోండి. మొలలని మీకు మీరే చెప్పుకోకండి," అన్నారట. కూటం అయ్యాక ఆడవాళ్లు చుట్టూ చేరి, ముందురోజు ఏం తినకూడదు, మత్తు ఇస్తారా అని అడిగారట. అడిగినవాళ్లలో పాస్టరమ్మగారూ ఉన్నారట.

సుగుణగారు ఇప్పటికీ చికిత్సలోనే ఉన్నారు. స్కాన్ ఒకసారి బాగుంటుంది, ఒకసారి ఉండదు. తగ్గాక చెప్పే సాక్ష్యంలో కృతజ్ఞత ఉంటుందని చిన్నప్పటి నుంచీ విన్నాను. తగ్గకముందు చెప్పినది ఇంకొకరి ప్రాణానికి అక్కరకొస్తుందని ఆవిడ దగ్గర తెలుసుకున్నాను. అదీ దేవుడికి చేరే కృతజ్ఞతేనని నా నమ్మకం.