శివారు పెద్దాయన వంతు

ఆనకట్ట నీళ్లు మా ఊరి పిల్లకాలువకి వచ్చిన తొలి ఏళ్లలో, నీళ్ల కన్నా నీళ్లడిగేవాళ్లే ఎక్కువ. పొలాలకీ అదే నీరు, పడవలకీ అదే నీరు. అందుకని రైతులంతా కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. తూములు వంతులవారీగా తెరవాలి, పడవ వచ్చే రోజున మాత్రం అన్నీ మూసెయ్యాలి. పట్టుబట్టి అందర్నీ ఒప్పించింది మా నాన్నే. కాలువ మా ఊరు దాటే చోట శివారు భూమి ఉన్న ఒక పెద్దాయన తన వంతు చాలదని మొత్తుకుంటే, నలుగురిలో ఆయన్ని కసిరాడు కూడా. నాన్నకి న్యాయం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

ఆ ఏడు తొలకరికి మా అక్క తొలికాన్పుకి రావాలి. ఏడో నెలలో కుదర్లేదు, తొమ్మిదిలో పంపుతామని అత్తవారు కబురు చేశారు. బుధవారం బయల్దేరుతుందని నాన్న లెక్క. నిండు గర్భిణిని మంగళవారం ఎవరు పంపుతారు? ఆ ధీమాతో మంగళవారం పొద్దున్నే మా తూము బార్లా తీసి ఆకుమడికి నీరు పెట్టాడు. కూతురొచ్చాక ఇల్లు కదలకుండా ఉండాలని ఆయన ఆరాటం.

అత్తవారు మాత్రం సోమవారమే అక్క బట్టల మూట పక్కింట్లో పెట్టి పరస్థానం కానిచ్చేశారు. అంటే ప్రయాణం సోమవారమే మొదలైనట్టు. ఇక దోషం లేదని మంగళవారం తెల్లవారగానే పడవెక్కించారు.

మధ్యాహ్నం కాకముందే పడవవాడు గట్టెంట పరిగెత్తుకొచ్చాడు.

"నీళ్లు తీసేశాయండి. పడవ బురదలో కూర్చుంది. అమ్మాయిగారికి నొప్పులొస్తన్నాయండి."

నాన్న పరుగున వెళ్లి మా తూము మూశాడు. కానీ మధ్యాహ్నం నుంచి వంతు శివారు పెద్దాయనది. ఆయన తూము మాకు దిగువన, పడవకి ఎగువన ఉంది. ఆయన నారు అప్పటికే ఎండకి పండుబారిపోయింది. పార పట్టుకుని తూము దగ్గరే కాచుక్కూచున్నాడు. నాన్న ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకే వచ్చిన అమ్మ కొంగు పట్టుకుని నేను ఏడుస్తున్నాను.

"బాబాయ్, మా అమ్మాయి పడవలో..."

"విన్నాను. నువ్వు అడగాలా అబ్బాయ్? ముందు పిల్లని ఇల్లు చేరనీ."

ఆయన తన తూము నోట్లో గడ్డీ మట్టీ కూరి, పడవ తాడు లాగడానికి తనూ బయల్దేరాడు.

పొద్దు వాలేసరికి పడవ మా రేవుకి చేరింది. దీపాలు పెట్టే వేళకి అక్క ఆడపిల్లని కంది. మంత్రసాని బిడ్డని చూపిస్తే నాన్న నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాడు. నాలుగోనాడు అక్క నీరసంగా అడిగింది, "ఆయన నారు బతికిందా నాన్నా?" అని. బతకలేదు. మళ్లీ వంతు వచ్చేలోపే మాడిపోయింది. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

నాట్ల రోజుల్లో నాన్న మా నారు సగం తీయించి, కావిడేసుకుని తనే ఆ పెద్దాయన పొలానికి మోశాడు. మా చేలో ఒక మడి నాటు లేకుండా మిగిలిపోయింది. దాన్ని ఎవరైనా బీడు అంటే అమ్మ ఊరుకునేది కాదు. అది మా మనవరాలి మడి అనేది.