బిడ్డను ముట్టని నెలలు

మూడో నెల నిండాక, బాగేపల్లిలోని పుట్టింటి నుంచి పాపను ఎత్తుకొని చింతామణికి అత్తగారింటికి వచ్చాను. అంతవరకు మా ఆయన రెండుసార్లే వచ్చి చూసిపోయారు. విత్తనాల అంగడి కదా, తీరిక లేదేమో అనుకున్నాను.

పాప ఏడిస్తే ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవారు. బిడ్డను ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి లాక్కునేవారు. ఆడపిల్లని ఇష్టం లేదా అని అడిగాను. కాదన్నట్టు తల ఊపారు, అంతే. నేను నమ్మలేదు. వారాల తరబడి ఆయన్ను లోలోపల తిట్టుకున్నాను. నా పాలు తగ్గిపోయాయి.

మా అత్తతో చెప్పుకుంటే, "బిడ్డను కన్నది నువ్వు. వానికేమొచ్చిందమ్మా? అంగట్లో పని ఎక్కువైండాది, అంతే" అనింది.

ఒక ఉదయం సరుకు చూసొస్తానని ఆయన చిక్కబళ్ళాపురం బస్సెక్కారు. మధ్యాహ్నం ఫోను చేశారు.

"పాపను బాగా చూసుకో. నేను లేకుంటేనే మీరిద్దరూ బాగుంటారు."

"ఏం మాటలవి? యాడుండారు?"

"బస్టాండులో."

మళ్ళీ చేస్తే స్విచాఫ్.

పాపను కొంగులో చుట్టుకొని బస్సెక్కాను. శిడ్లఘట్ట దాటేసరికి పాప గుక్కపెట్టింది. పాలు రావడం లేదు. పక్కన కూర్చున్న ముసలామె, "ఏమమ్మా, బిడ్డకు బాగలేదా?" అనింది.

"బిడ్డకు కాదు, వాళ్ళ నాయనకు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆయన బస్టాండులో సిమెంటు బెంచీ మీదే ఉన్నారు. ఉదయం దిగిన చోటు నుంచి కదల్లేదట.

"ఎత్తుకుంటే జారిపోతాదేమోనని భయం. కండ్లు మూసినా అదే కనబడతాండాది. నేను దేనికీ పనికిరాను" అని అందరి ముందూ ఏడ్చారు.

నాకు జాలి కలగలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఆయనతో కన్నడలో చాలాసేపు మాట్లాడింది. బిడ్డ పుట్టాక తండ్రులకూ ఈ దిగులు జబ్బు వస్తుందని, మందులతో, మాటలతో నయమవుతుందని చెప్పింది. తర్వాత నావైపు తిరిగి, "నీవు హేగిద్దీరమ్మా?" అనింది. మీరెలా ఉన్నారమ్మా అని. ఐదు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. బాగున్నానని అబద్ధం చెప్పి, గది బయటికొచ్చి గోడ పట్టుకొని నిలబడ్డాను.

మందులు మొదలైన రెండో నెలలో ఆయన పాపను ఎత్తుకున్నారు. నేల మీద కూర్చొని, నన్ను పక్కనే ఉండమని చెప్పి. పాపకు రెండేళ్ళు దాటాయి. ఇప్పుడు తానే స్నానం పోస్తారు, జడ వేస్తారు.

ఆ నెలల్లో నేనెలా బతికానో మాత్రం ఆయనకు తెలీదు. "నాకేమీ గుర్తులేదు, ఏమనుకోవద్దు" అంటారు. అది నిజమే. జబ్బు మనిషి మీద కోపం తప్పని నాకూ తెలుసు. అయినా ఆయన అలా అన్నప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడుస్తాను.